లూయీ పాశ్చర్ – కోళ్ల కలరా కథ

లూయీ పాశ్చర్ పేరు చెప్పగానే మన విద్యార్థి లోకానికి ముందుగా గుర్తొచ్చేవి రెండు. ఒకటి పిచ్చికుక్క కాటు మందు. రెండోది పాల ప్యాకెట్టు మీద అచ్చేసి ఉండే పాశ్చరైజ్డ్ అన్న మాట. రెండూ గొప్పవే. కాని ఆ మహాశయుడు ప్రయోగశాలలో తయారుచేసిన మొట్టమొదటి టీకా మనిషి కోసం చేసింది కాదు, కుక్క కోసమూ కాదు. అది కోడి కోసం. పెంటకుప్ప మీద గింజలేరుకు తినే మామూలు పెరటికోడి కోసం. ఈ సంగతి నాకు క్లాసు పాఠం వల్ల తెలియలేదు. మా ఇంట్లో కోళ్లు చచ్చిపోతే, ఎందుకు చచ్చిపోయేయో తెలుసుకుందామని వెతుకుతూ పోతే తెలిసింది. అందుచేత పాశ్చర్ కథకి ముందు మా కోళ్లగూడు కథ నాలుగు ముక్కలు చెప్పుకోనివ్వండి.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఓ చిన్న ఊరు. వరి, నువ్వులు, గోగు పండించుకునే కుటుంబం. పొలం లెక్క నాన్నది, కోళ్ల లెక్క అమ్మది, నాన్నమ్మది. గుడ్ల డబ్బు, పుంజుల డబ్బు అమ్మ దగ్గరే ఉంటాయి. నా పుస్తకాలూ, పరీక్ష ఫీజులూ చాలామట్టుకు ఆ డబ్బుతోనే గడిచేయి. కిందటేడు వానాకాలంలో సాయంత్రం బాగా గింజలు తిని గూట్లోకి వెళ్లిన రెండు పెట్టలు తెల్లారేసరికి చచ్చిపడి ఉన్నాయి. మర్నాడు మరో మూడు ముడుచుకు కూర్చున్నాయి. వాటి జుట్టు నేరేడుపండు రంగుకి తిరిగింది. నోట్లోంచి జిగట కారింది. పచ్చగా పారుకున్నాయి. వారం తిరిగేసరికి పదిహేడు కోళ్లకి అయిదు మిగిలేయి. కొక్కెర తెగులు వచ్చిందంది అమ్మ. కాని అంతకు రెండు నెలల ముందే కొక్కెరకి టీకా వేయించేం. అయితే ఆ టీకా ఉత్తిదే అని అమ్మ తేల్చేసింది.

మిగిలిన అయిదూ చూడ్డానికి నిక్షేపంగా ఉన్నాయి. అవీ పోకముందే అమ్మేయమంది నాన్నమ్మ. ఊళ్లో అందరూ చేసే పని అదే. కాళ్లు కట్టి, సైకిలు హేండిలుకి తలకిందులుగా వేలాడదీసి వారపు సంతకి తీసుకెళ్లి నేనే అమ్మేను. కొన్నవాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ డబ్బు పరీక్ష ఫీజుకి కట్టేను. తర్వాత కొన్నాళ్లకి మా అప్ప అత్తవారింటి నుంచి వచ్చి, ఆ సంతలోనే ఒక పెట్టని కొని ఇంటికి తీసుకెళ్లేననీ, పది రోజుల్లో గూడంతా ఖాళీ అయిపోయిందనీ చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. అది నేనమ్మిన పెట్టే అవునో కాదో ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం అప్ప ముందు నోరు పెగల్లేదు.

ఆ తర్వాత మా వీధిలో ఒకరి కోడి చనిపోతే పశువుల డాక్టరుగారు దాన్ని కోసి చూపించేరు. కాలేజం మీద నూకలు చల్లినట్టు సన్నని తెల్లచుక్కలు. గుండె మీద ఎర్రటి రక్తపు చుక్కలు. ఇది కొక్కెర కాకపోవచ్చు, కోళ్ల కలరాలా ఉందన్నారు. కొక్కెర వైరస్ వల్ల వస్తుందట, ఇది బాక్టీరియా వల్ల వస్తుందట. దాని టీకా దీనికి పనిచేయదట. మనుషులకొచ్చే కలరాకీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదట. కాలేజీకొచ్చి లైబ్రరీలో కోళ్ల కలరా కోసం వెతికితే ప్రతి పుస్తకమూ నన్ను ఒకే మనిషి దగ్గరికి తీసుకెళ్లింది.

లూయీ పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు తూర్పు ప్రాంతంలో జూరా కొండల దగ్గర డోల్ అనే పట్టణంలో పుట్టేడు. తండ్రి జాన్ జోసెఫ్ నెపోలియన్ సైన్యంలో సిపాయిగా పనిచేసి, తిరిగొచ్చి తోళ్లు పదునుచేసే వృత్తిలో స్థిరపడ్డాడు. తర్వాత కుటుంబం ఆర్బువా అనే ఊరికి మారింది. ఇంటినిండా తోళ్లు, తొట్లు, వాసన. కొడుకు మాత్రం చదువుకుని మాస్టరు కావాలని తండ్రి ఆశ. మన ఊళ్లలో తండ్రులు కోరుకునేదీ అదే కదా!

చిన్నప్పుడు పాశ్చర్ గొప్ప తెలివైన విద్యార్థేమీ కాడు. బొమ్మలు మాత్రం చక్కగా వేసేవాడు. తల్లిదండ్రులవీ, ఇరుగుపొరుగువారివీ ఆయన రంగుసుద్దలతో వేసిన చిత్రాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆయనకి తొమ్మిదేళ్లు నిండకముందే ఆ చుట్టుపక్కల ఒక పిచ్చితోడేలు మనుషుల్ని కరిచింది. కరిపించుకున్నవాళ్లని కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకెళ్లి గాయాల మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేరు. అయినా కొందరు చనిపోయేరు. వాతల వైద్యం మన పల్లెలకీ తెలియంది కాదు. ఆ కేకలు ఆ కుర్రాడి చెవుల్లో చాలాకాలం ఉండిపోయేయని జీవితచరిత్రకారులు రాసేరు.

పదిహేనేళ్ల వయసులో పై చదువుకి పారిస్ పంపితే ఇంటి మీద బెంగ పెట్టుకుని జబ్బుపడ్డాడు. కొద్ది వారాలకే తండ్రి వెళ్లి వెనక్కి తీసుకొచ్చేడు. హాస్టల్లో చేరిన మొదటి నెలలో బస్టాండు వైపు చూసి ఏడ్చిన మిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. తర్వాత బెసాన్‌సోన్‌లో చదివి, లెక్కల పరీక్ష ఒకసారి తప్పి, 1842లో పాసయ్యేడు. ఆ పరీక్షలో రసాయనశాస్త్రంలో ఆయనకొచ్చింది అంతంత మాత్రం అనే శ్రేణి. రసాయనశాస్త్రంలో అంతంత మాత్రం అనిపించుకున్న విద్యార్థే పాతికేళ్లు తిరిగేసరికి యూరప్ అంతటా పేరున్న రసాయనశాస్త్రజ్ఞుడు! అదే ఏడు పారిస్‌లోని ఎకోల్ నార్మల్‌లో సీటొచ్చింది గాని, తన ర్యాంకు తనకే నచ్చక వదులుకుని, మళ్లీ చదివి 1843లో నాలుగో ర్యాంకుతో చేరేడు.

1848లో, పాతికేళ్ల వయసులో, ఆయన మొదటి గొప్ప పని చేసేడు. ద్రాక్షసారా తయారీలో దొరికే టార్టారిక్ ఆమ్లం ద్రావణం కాంతితలాన్ని పక్కకి తిప్పుతుంది. రసాయనికంగా అలాంటిదే అయిన మరో ఆమ్లం తిప్పదు. ఎందుకు? పాశ్చర్ ఆ రెండో దాని లవణం స్ఫటికాల్ని భూతద్దం కింద పెట్టి చూసేడు. అవి రెండు రకాలు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి ఎలాగో, బొమ్మ, అద్దంలో బొమ్మ ఎలాగో అలా ఉన్నాయి. ఓపిగ్గా ఒక్కొక్కటీ ఏరి రెండు కుప్పలు పోసేడు. ఒక కుప్ప ద్రావణం కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకి తిప్పింది. రెండూ సమంగా కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. మన స్టీరియో కెమిస్ట్రీ పాఠం మొదలయ్యేది అక్కడే. మా అమ్మ చేటలో బియ్యంలోంచి రాళ్లు ఏరినట్టు ఏరి సాధించిన విజయం అది.

1849లో స్ట్రాస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తూ మేరీ లోరాన్‌ని పెళ్లిచేసుకున్నాడు. ఆవిడ ఆయనకి భార్యే కాదు, సహాయకురాలు కూడా. పగలు చేసిన ప్రయోగాల వివరాలు ఆయన చెబుతుంటే రాత్రిపూట కూర్చుని రాసిపెట్టేది. 1854లో లీల్ నగరంలో సైన్సు ఫేకల్టీకి డీన్ అయ్యేడు. అక్కడ బీట్‌రూట్ రసంతో ఆల్కహాలు చేసే ఒక వ్యాపారి, సరుకు పాడైపోతోందని వచ్చి మొరపెట్టుకున్నాడు. పాశ్చర్ సూక్ష్మదర్శినితో చూస్తే మంచి తొట్టిలో గుండ్రటి ఈస్టు కణాలు, పాడైన తొట్టిలో వేరే సన్నని కడ్డీల్లాంటి జీవులు. పులియడం అన్నది వట్టి రసాయన చర్య కాదనీ, ప్రాణమున్న సూక్ష్మజీవుల పని అనీ, ఒక్కొక్క రకం పులుపుకీ ఒక్కొక్క రకం జీవి ఉందనీ ఆయన తేల్చేడు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క జీవి అన్న ఈ మాటే మా అమ్మ సందేహానికి కూడా జవాబు. అది తర్వాత చెబుతాను.

ఆ కాలంలో కుళ్లిన వాటిలో పురుగులూ, సూక్ష్మజీవులూ వాటంతటవే పుడతాయని పెద్దపెద్ద పండితులు కూడా నమ్మేవారు. పాశ్చర్ హంస మెడలాగా వంపులు తిరిగిన గాజుకుప్పెల్లో రసం పోసి మరిగించేడు. మెడ తెరిచే ఉన్నా, గాలి లోపలికి వెళుతూనే ఉన్నా, దుమ్ము మాత్రం ఆ వంపులో ఆగిపోయింది. రసం చెడలేదు. కుప్పెని వంచి రసాన్ని ఆ దుమ్ముకి తగలనిస్తే చాలు, చెడిపోయింది. 1862లో ఫ్రెంచి అకాడమీ ఈ పనికి బహుమతి ఇచ్చింది. వైన్ పులిసిపోకుండా కొద్దిపాటి వేడి చూపించే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే కనిపెట్టేడు. అదే తర్వాత పాలకి పాకింది.

1865లో ప్రభుత్వం ఆయన్ని పట్టుపురుగుల తెగులు చూడమని దక్షిణ ఫ్రాన్సుకి పంపింది. అప్పటికి ఆయన పట్టుపురుగుని ముట్టుకుని ఎరగడు. అయినా వెళ్లేడు. ఏళ్ల తరబడి శ్రమపడి, తల్లి సీతాకోకచిలుక గుడ్లు పెట్టేక దాన్ని నూరి సూక్ష్మదర్శినితో చూసి, రోగకణాలుంటే ఆ గుడ్లు పారేయాలన్న పద్ధతి రైతులకి నేర్పేడు. ఈ పని చేస్తున్న ఏళ్లలోనే ఇల్లు కూలింది. 1865లో తండ్రి పోయేడు. అదే ఏడు రెండేళ్ల కూతురు కమీ పోయింది. మరుసటి ఏడు పన్నెండేళ్ల సిసీల్ టైఫాయిడుతో పోయింది. అంతకుముందే, 1859లో, పెద్దకూతురు జాన్ కూడా టైఫాయిడుతోనే పోయింది. అయిదుగురు పిల్లల్లో ముగ్గురు. 1868 అక్టోబరులో ఆయనకే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయేయి. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు. అందరూ ఆశ వదులుకున్నారు. ఆయన మాత్రం మంచం మీద నుంచే పట్టుపురుగుల ప్రయోగాలు చెప్పి చేయించేడు. మనం తెలుసుకోవలసింది ఏమిటంటే, ఆయన పేరు ప్రపంచమంతా మోగిన టీకాల పనులన్నీ ఈ పక్షవాతం తర్వాత, కుంటుకుంటూ నడిచిన మనిషి చేసినవి. చేతులతో చేయవలసిన ప్రయోగాలు చాలావరకు శిష్యులు చేసేవారు.

ఇక కోళ్ల కలరా దగ్గరికి వద్దాం. అప్పట్లో ఫ్రాన్సు పల్లెల్లో ఈ రోగం తగిలిన పెరడు రెండు మూడు రోజుల్లో ఖాళీ అయిపోయేది. నడుస్తున్న కోడి తూలి, రెక్కలు వేలాడేసి, మత్తుగా కళ్లు మూసుకుని, అలాగే పడి చచ్చిపోయేది. ఇటలీలో పెరోన్చితో అనే ఆయన 1878లో ఈ రోగపు సూక్ష్మజీవిని చూసి వర్ణించేడు. ఫ్రాన్సులో తులూజ్ పశువైద్య పాఠశాల ప్రొఫెసరు ఆన్రీ టూసాన్ కూడా దాన్ని పట్టుకుని, పెంచే ప్రయత్నం చేసి, రోగపదార్థాన్ని పాశ్చర్‌కి పంపించేడు. పాశ్చర్ రకరకాల ద్రవాల్లో పెంచి చూసి, ఆ జీవికి ఇష్టమైన తిండి కోడిమాంసపు రసమే అని గ్రహించేడు. కోడిని చంపే జీవికి కోడిరసమే విందు! ఆ రసంలో ఒక్క రోజులోనే తామరతంపరగా పెరిగేది. అందులో ఒక్క చుక్క రొట్టెముక్క మీద వేసి పెడితే కోడి చచ్చిపోయేది. దాని రెట్టలో కూడా అదే జీవి కనిపించేది. అంటే రెట్ట పడిన చోట మేత మేసిన మిగతా కోళ్లకి రోగం ఎలా అంటుకుంటుందో తెలిసిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. ఇదే సూక్ష్మజీవిని గినీపందికి ఎక్కిస్తే అది చావదు. ఒంటి మీద ఓ చిన్న చీముగడ్డ లేస్తుంది, అంతే. తింటుంది, తిరుగుతుంది. కాని ఆ గడ్డ చితికి చీము కారితే, పక్కనున్న కోళ్లూ కుందేళ్లూ చచ్చిపోతాయి. తాను బాగానే ఉండి రోగాన్ని మోసే జీవి అన్నమాట. కోళ్ల కలరా నుంచి బతికి బయటపడ్డ కోడి కూడా చాలాసార్లు అలాగే ముక్కులో, గొంతులో ఆ జీవిని దాచుకుని ఉంటుందని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చేరు. నా సైకిలు హేండిలుకి వేలాడిన అయిదు కోళ్లూ చూడ్డానికి నిక్షేపంగానే ఉన్నాయి కదా!

1879లో పాశ్చర్ బృందం ఈ జీవిని కోడిరసంలో పెంచుతూ, ఒక కుప్పెలోంచి మరో కుప్పెలోకి మారుస్తూ వచ్చేరు. వేసవి సెలవుల్లో కొన్ని కుప్పెలు అలా వారాల తరబడి మిగిలిపోయేయి. తిరిగొచ్చి ఆ పాత రసాన్ని కోళ్లకి ఎక్కిస్తే అవి కొంచెం నలతపడి మళ్లీ లేచి తిరిగేయి. సరే, రసం పాడైపోయిందనుకుని, అవే కోళ్లకీ, సంతలో కొత్తగా కొన్న కోళ్లకీ తాజా రసం ఎక్కించేరు. కొత్త కోళ్లు చచ్చిపోయేయి. పాత కోళ్లు బతికేయి! ముసలిదైన సూక్ష్మజీవి చంపే శక్తి పోగొట్టుకుని, కాపాడే శక్తి మాత్రం మిగుల్చుకుందని పాశ్చర్‌కి అర్థమయ్యింది. ఇంగ్లండులో జెన్నర్ 1796లోనే ఆవు పొక్కులతో మశూచికి టీకా వేసేడు. అది ప్రకృతి తయారుచేసి ఇచ్చిన టీకా. రోగకారక జీవినే పట్టుకుని, బలహీనం చేసి, దాన్నే టీకాగా వాడడం మనిషికి చేతనవుతుందని తెలిసింది మాత్రం ఈ కోళ్ల వల్లనే. జెన్నర్ మీద గౌరవంతో, ఆవుకి సంబంధించిన వాక్సిన్ అనే మాటని ఇలాంటి మందులన్నిటికీ వాడాలని 1881లో లండను మహాసభలో పాశ్చర్ ప్రతిపాదించేడు.

ఈ సెలవుల కథ వినడానికి బాగుంటుంది గాని, పని అంత తేలిగ్గా ఒక్క పూటలో అయిపోలేదు. ఆయన నోటుబుక్కులు చదివిన చరిత్రకారుల ప్రకారం, ఆ శరత్కాలం నుంచి శీతాకాలం దాకా ఎమిల్ రూ అనే శిష్యుడూ, ఆయనా ఎన్నో విఫల ప్రయోగాల మీదుగా అక్కడికి చేరేరు. 1880 ఫిబ్రవరి 9న పాశ్చర్ ఈ సంగతి అకాడమీలో ప్రకటించేడు. కాని రసాన్ని బలహీనం చేసిన పద్ధతి చెప్పలేదు. అక్టోబరు దాకా దాచేడు. పద్ధతి చెప్పమని తోటి సభ్యులు పోరుపెట్టేరు. ఆ గొడవల్లో ఎనభైకి దగ్గరపడిన గెరాన్ అనే డాక్టరు పాశ్చర్‌ని ద్వంద్వయుద్ధానికి కూడా పిలిచేడు! చివరికి, గాలిలోని ఆక్సిజను తగులుతూ ఎక్కువ రోజులు నిల్వ ఉండడం వల్ల బలహీనపడుతుందని పాశ్చర్ వెల్లడించేడు.

ఇంతా చేసి ఆ కోళ్ల టీకా పల్లెల్లో పెద్దగా నిలవలేదు. ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోయేది. దాని గొప్పతనం అది చూపిన దారిలో ఉంది. ఆ దారినే 1881లో పశువుల దొమ్మ రోగానికి టీకా వచ్చింది. పుయీ లె ఫోర్ అనే ఊళ్లో, పత్రికలవాళ్ల ఎదుట, రైతుల ఎదుట, ఇరవై నాలుగు గొర్రెలకి టీకా వేసి, మరో ఇరవై నాలుగింటిని టీకా లేకుండా వదిలి, అన్నిటికీ రోగం ఎక్కించేరు. జూన్ 2న చూస్తే టీకా వేసినవి మేస్తూ ఉన్నాయి. వేయనివి దాదాపు అన్నీ చచ్చిపడి ఉన్నాయి. మిగిలిన కొద్దీ జనం చూస్తుండగానే, సాయంత్రంలోగా పడిపోయేయి. 1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి రేబిస్ టీకా మొదలుపెట్టేరు. పాశ్చర్ డాక్టరు కాడు కనుక సూది వేసింది వేరే డాక్టరు. రాత్రులు నిద్రపట్టనిది మాత్రం పాశ్చర్‌కి. కుర్రాడు బతికేడు. దేశదేశాల ప్రజల చందాలతో 1888 నవంబరు 14న పారిస్‌లో పాశ్చర్ సంస్థ ప్రారంభమయ్యింది. 1895 సెప్టెంబరు 28న ఆయన కన్నుమూసేడు. ఆ సంస్థ భవనం కిందనే ఆయన సమాధి ఉంది.

మహనీయుల్ని పొగడడమే జీవితచరిత్ర అనుకుంటే ఇక్కడితో ఆపేయవచ్చు. కాని సైన్సు విద్యార్థులం కనుక రెండో పక్క కూడా చూడాలి. తన నోటుబుక్కులు ఎవరికీ చూపించవద్దని పాశ్చర్ ఇంటివాళ్లకి చెప్పి వెళ్లేడు. 1964లో ఆయన మనవడు వాటిని ఫ్రెంచి జాతీయ గ్రంథాలయానికి అప్పగించేడు. వాటిని చదివిన జెరాల్డ్ గీసన్ అనే చరిత్రకారుడు 1995లో ఒక పుస్తకం రాసేడు. పుయీ లె ఫోర్‌లో వాడిన టీకా, అందరూ అనుకున్నట్టు ఆక్సిజనుతో బలహీనం చేసింది కాదనీ, శిష్యుడు షాంబెర్లాన్ పొటాషియం డైక్రోమేటుతో తయారుచేసిందనీ అందులో తేలింది. దొమ్మ రోగానికి రసాయనాలతో టీకా చేసే దారి అంతకు ముందే, 1880లో, టూసాన్ తొక్కేడు. కోళ్ల కలరా జీవిని పంపించింది కూడా ఆ టూసానే. ఆయన 1890లో, నలభై మూడేళ్లకే, జబ్బుతో చనిపోయేడు. కీర్తి దక్కలేదు. పాశ్చర్ చేసిన మేలు దీనివల్ల తగ్గిపోదు. కాని చెప్పవలసిన చోట చెప్పకపోవడం ఎంత గొప్పవాడికైనా మచ్చే.

మరో సంగతి. 1887లో ఆస్ట్రేలియాలో కుందేళ్ల బెడద పోగొట్టినవారికి పెద్ద బహుమతి ప్రకటిస్తే, కోళ్ల కలరా జీవినే వాటి మీదకి వదలాలని పాశ్చర్ ప్రతిపాదించి, 1888లో భార్య సోదరి కొడుకు ఆడ్రియన్ లువార్‌ని అక్కడికి పంపేడు. అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదయ్యింది. కోళ్లకీ, పక్షులకీ అంటే రోగాన్ని ఒక దేశం మీద చల్లితే ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు?

పాశ్చర్ మన దేశం రాలేదు గాని ఆయన పని వచ్చింది. ఆయన సంస్థలో పనిచేసిన హాఫ్కిన్ 1893లో భారతదేశానికొచ్చి మనుషుల కలరాకి టీకాలు వేసేడు, 1897లో బొంబాయిలో ప్లేగు టీకా చేసేడు. 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిసేయి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటూ మన తాతలు చెప్పుకునే కుక్కకాటు మందు ఆ వంశంలోదే. ఇప్పుడు ఆ బాధ లేదు. కొద్దిపాటి సూదులు, అవీ చేతికే. కోళ్ల కలరా జీవికి 1887లోనే పాశ్చర్ పేరు పెట్టి పాశ్చురెల్లా అన్నారు. పూర్తిపేరు పాశ్చురెల్లా మల్టోసిడా, అంటే పలు ప్రాణుల్ని చంపేది. ఆ పేరు నిజమే. తొలకరిలో మన గేదెలకీ ఎద్దులకీ వచ్చి ఒక్క రోజులో ప్రాణం తీసే గొంతువాపు కూడా ఈ జీవిలోని మరో రకం వల్లనే. వానలకి ముందు పశువులకి వేయించే గొంతువాపు టీకా ఆ మహాశయుడి కోళ్లగూటి నుంచి వచ్చిన చుట్టమే అన్నమాట. ఈ రోగానికి వాడే టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వచ్చింది, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకి నాయకత్వం వహించిన అమెరికా లెడర్లీ ప్రయోగశాలల నుంచే. దాన్ని కనిపెట్టిన డగ్గర్ ఆ ప్రయోగశాలలోని వాడే.

ఇదంతా చదివేక సెలవులకి ఇంటికెళ్లి అమ్మకి చెప్పేను. ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క జీవి, ఒక్కొక్క జీవికి ఒక్కొక్క టీకా. కొక్కెర టీకా కొక్కెరని ఆపింది. రానిచ్చింది దానికి సంబంధం లేని రోగాన్ని. వాకిటికి తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచితే, దొంగ పడ్డాడని తాళాన్ని తిడితే ఎలాగ? అమ్మ నవ్వింది. ఈ ఏడు మళ్లీ కొక్కెర టీకా వేయించింది.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. కొత్తగా కొన్న కోడిని మూడు నాలుగు వారాలు వేరే గంప కింద ఉంచుతాం. నీళ్లగిన్నె రోజూ కడిగి ఎండలో బోర్లిస్తాం. ఎండా, పొడితనమూ ఈ జీవికి శత్రువులు. చచ్చిన కోడిని పెంటమీద పారేయకుండా, గెడ్డలో విసరకుండా, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడుస్తాం. గూట్లో రోగం ఉన్నప్పుడు ఎంత నిక్షేపంగా ఉన్న కోడినైనా సంతకి తీసుకెళ్లం. నష్టమే. ఫీజు కట్టవలసిన నెలలో మరీ నష్టం. ఆ మాట నాన్నమ్మే అంది; అని, చివరికి సరే అంది.

ఇంకో పని మిగిలింది. అది అన్నిటికన్న కష్టమైంది. అప్ప ఊరెళ్లి, ఆ సంతలో ఆ వారం నేను కూడా కోళ్లు అమ్మేననీ, మా గూట్లో రోగం ఉందని తెలిసే అమ్మేననీ చెప్పేను. అప్ప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి అన్నం పెట్టింది. వచ్చేటప్పుడు, మా గూట్లో రోగం లేదని రూఢి చేసుకున్నాక, రెండు పెట్టపిల్లల్ని పంపమంది. ఆరు వారాలు వేరే ఉంచి చూసి, పంపేను.

పాశ్చర్ తన నోటుబుక్కులు దాచమన్నాడు. దాదాపు డెబ్బై ఏళ్లు పట్టినా అవి బయటికొచ్చేయి. మనవంటి చిన్నవాళ్ల నోటుబుక్కుల కోసం చరిత్రకారులు రారు. అందుచేత మన లెక్క మనమే తెరిచి చూపించుకోవాలి. రేపు మనలో కొందరు ప్రయోగశాలలకి వెళతాం, కొందరు పొలాలకి వెళతాం. గరివిడి పశువైద్య కళాశాల మనకి దూరమేమీ కాదు. అక్కడికి వెళ్లేవారూ ఉంటారు. ఎక్కడికి వెళ్లినా, చూడ్డానికి బాగున్నదంతా బాగున్నట్టు కాదని ఆ గినీపంది చెప్పిన పాఠం మరిచిపోకుండా ఉంటే చాలు.